కంబళి కప్పిన పెట్టె

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. నేను, మా ఆయన సుంకన్న, ఒక పెట్టె. ముగ్గురిలో మర్యాదలన్నీ పెట్టెకే జరిగాయి. ఇంట్లో కాస్త చల్లగా ఉండే మూల దానిది. పొయ్యి పక్కన నేను, గడపకు అడ్డంగా మా ఆయన. చెప్తే నవ్వుతారు గానీ, మా నాయన నా పెండ్లికని తన చేత్తో నేసి ఇచ్చిన నల్ల కంబళి కూడా దానికే కప్పాం, దుమ్ము పడకూడదని.

ఎనభైల నాటి మాట. మాది శింగనమల చెరువుకు అవతలి పక్క ఊరు. మా ఆయన ఊళ్లోని హైస్కూల్లో అటెండరు. గంట కొట్టేది, కసువు ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది అన్నీ ఆయనే. కానీ టెంపరరీ. సెలవులొస్తే జీతం కూడా ఉండదు. "ఈ యేడు పర్మనెంటు అయితాడప్పా" అని మా నాయన తిప్పన్నకు నచ్చజెప్పి, గుమ్మఘట్ట నుంచి నన్ను ఇక్కడికి కోడలిగా తెచ్చుకున్నారు. పెండ్లయి నాలుగేండ్లయినా ఆ 'ఈ యేడు' మాత్రం రాలేదు.

అప్పుడు బడికి కంప్యూటర్ వచ్చింది. జీపులో తెచ్చి దించి, సంతకాలు పెట్టించుకుని పోయారు. టీవీ లాంటిదొకటి, మీటలున్న పలకొకటి, పాటలు వేసుకునే టేప్ రికార్డరు లాంటిదొకటి. కరెంటు ఉన్న పూట నేర్చుకొచ్చిన సారు ఉండడు, సారు ఉన్న పూట కరెంటు ఉండదు. అయినా ఒక్కసారి వెలిగింది. అద్దం మీద అక్షరాలు పరుగెత్తాయని పిల్లలు ఇంటింటికీ చెప్పారు. పక్క ఊళ్ల జనం కూడా వచ్చి కిటికీలోంచి తొంగిచూసి పోయారు. అదిగో, అక్కడ పట్టుకుంది హెడ్మాష్టరు నారాయణ సారుకు భయం.

భయపడ్డాడని ఆయన్ను అనడానికి లేదు. ముందు యేడు వేసవి సెలవుల్లో బడి గంటనే ఎత్తుకుపోయారు మహానుభావులు. అప్పట్నుంచి రైలుపట్టా ముక్క వేలాడగట్టుకుని కొట్టుకుంటున్నాం. బడి తలుపులా, గట్టిగా తుమ్మితే ఊడేట్టున్నాయి. సారు కాపురమేమో అనంతపురంలో. సెలవుల్లో ఊళ్లో ఉండే మనిషి కాదు.

బడి మూసిన రోజు, ఊరంతా అరుగుల మీదికి చేరిన వేళ చూసి, ఎద్దుల బండి మీద పెద్ద చెక్కపెట్టెను మా ఇంటికి తెచ్చాడు. చుట్టూ మేకులు కొట్టి, బీగం వేసి, బీగం మీద ఎర్రలక్కతో సీలు కూడా వేశారు. నలుగురు పడితే గానీ దిగలేదు.

"ఏమప్పా సుంకన్నా, కంప్యూటరు నీ ఇంటికే కాపురానికొచ్చెనే!" అన్నారెవరో. వీధంతా నవ్వింది. సారు నవ్వలేదు. అందరికీ వినబడేట్టు గొంతు పెంచి చెప్పాడు.

"సుంకన్నా, దీన్ని నీ ప్రాణం మాదిరి చూసుకోవాల. బడి తెరిచే పొద్దు సీలు చెదరకుండా నాకు అప్పజెప్పితే నీ పర్మనెంటుకు నేను రాస్తా. ఇది నా మాట. ఏమన్నా తేడా వచ్చిందో, నీ ఉద్యోగం నా చేతిలో ఉండదు."

మా ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సారుకు పెట్టాడో పెట్టెకు పెట్టాడో నాకు తెలియలేదు.

"ఇంట్లో ఎప్పుడూ ఒకరుండాలమ్మా భద్రమ్మా. ఇద్దరూ ఒకేసారి గడప దాటొద్దండి" అని నాకూ చెప్పి బస్సు ఎక్కాడు సారు.

పెట్టె దించిన నలుగురిలో మా పక్కింటి దాదాపీరు లేడు. ఊళ్లో ఎవరింట్లో బరువు లేపినా మొదట వచ్చి చెయ్యి వేసే మనిషి, ఆ రోజు వేపచెట్టు కింద నిలబడి నేల చూస్తున్నాడు. దాదాపీరు దూది ఏకి పరుపులు, బొంతలు కుడతాడు. ఊరి పీర్ల చావిడిని చూసుకునే ముజావరు కూడా ఆయనే. పండగ దినాలు పోగా యేడాదంతా పీర్లు చావిడి లోపలి గదిలో పెట్టెలో ఉంటాయి, ఆ గది బీగంచెవి దాదాపీరు మొలతాడుకు ఉంటుంది. మా ఆయనా, అతనూ చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాళ్లు. పీర్ల పండగకు నిప్పుల గుండం పక్కపక్కనే తొక్కేవాళ్లు. నన్ను వదినా అని నోరారా పిలిచేవాడు.

"దాదా ఎందుకట్ల నిలబడినాడు?" ఆ సాయంత్రం మా ఆయన అన్న మొదటి మాట ఇదే.

ఇక చూడండి మా అవస్థ. ఇంట్లోకి ఈగను వాలనీయలేదు మా ఆయన. మజ్జిగకు వచ్చిన మారెమ్మకు గడప బయటే పోసి పంపాలి. ఎండన పడి వచ్చిన గాజులామెను "రా అక్కా, రోంత నీళ్లు తాగిపో" అన్నందుకు నా మీద ఒంటికాలి మీద లేచాడు. కప్పు మీద పిల్లి నడిచినా కట్టె పట్టుకుని బయటికి ఉరికేవాడు. నేనేం తక్కువ తిన్నానా? నాకూ అంటుకుంది ఆ జబ్బు. నిప్పు కోసం వచ్చినామె చూపు ఒక్కసారి కంబళి మీద పడిందంటే చాలు, ఆమె ఇంటిదాకా వెనకాలే పోయి, అక్కడెవరితో ఏం మాట్లాడుతుందో చెవులు రిక్కించి వచ్చేదాన్ని.

అంతలో పీర్ల చావిడికి బీగం పడింది. లోపలి గదికి ఎప్పుడూ బీగమే. కానీ ముందరి పడసాల యేడాదంతా తెరిచే ఉండేది. ఎండాకాలం మగవాళ్లంతా ఆ చల్లటి నాపరాళ్ల మీద పడుకుని పులిజూదం ఆడుకునేవాళ్లు. దాదాపీరు వాళ్లందరినీ లేపి, పడసాల తలుపులు మూసేసి, తానే గడపలో దూదిమూట వేసుకుని కూర్చున్నాడు. ఏమంటే సున్నం కొట్టాలంటాడు. చూస్తే సున్నమూ లేదు, కుంచే లేదు.

"చావిడికి బీగమేందే?" అన్నాడు మా ఆయన. "ఏదో దాచేదానికి చోటు చేసి పెట్టుకుంటాండాడు."

"ఏం దాస్తాడు?"

మా ఆయన మూలన పెట్టె వైపు చూశాడు. "ఛీ, నీ పాడు బుద్ధి" అన్నాను గానీ, నిజమేనేమో అని నాకూ అనిపించింది. చావిడికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే మరి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మా తమ్ముడు ఎర్రిస్వామి గుమ్మఘట్ట నుంచి వచ్చాడు. బస్సులు మారి, చెరువుకట్ట మీద నడిచి, పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూడగానే కండ్లలో నీళ్లు పెట్టుకున్నాడు.

"అక్కా, నాయనకు ఊపిరి ఆడ్డం లేదు. రాయదుర్గం డాక్టరు సూది వేసినాడు, గుణం లేదు. రోంత తెలివొచ్చినప్పుడల్లా 'భద్రి వచ్చెనా' అంటాండాడు. నిన్ను పిల్చుకొని రమ్మన్నాడు."

సంచి కోసం లోపలికి పోయాను. మా తమ్ముడు నా వెనకే గడప దాటి, కంబళి చూసి గుర్తుపట్టి దగ్గరికి పోయాడు. "ఇదేనా బావా ఆ కంప్యూటరు? మా ఊళ్లో గూడా చెప్పుకుంటాండారు" అన్నాడు అమాయకంగా.

మా ఆయన మొహం మారిపోయింది. "ఎర్రిస్వామీ, నువ్వు బయట అరుగు మీద కూర్చో. ఆడ గాలి బాగుంటాది" అన్నాడు.

గాలి ఎక్కడిది? బయట నిప్పులు చెరుగుతోంది. ఇంటి అల్లుడి నోట ఆ మాట విని మా తమ్ముడు కాసేపు అర్థం కాక చూసి, మెల్లగా బయటికి నడిచాడు. నీళ్లచెంబు కూడా మా ఆయనే బయటికి తీసుకుపోయి ఇచ్చాడు.

"వాడు నా తోడబుట్టినోడు!" అన్నాను పండ్లు కొరుకుతూ.

"నేను కాదన్నానా? ఈ సుద్ది గుమ్మఘట్ట దాకా ఎట్ల పోయింది? ఎవరెవరి చెవిన పడిందో నీకు తెలుసా? నువ్వు పోతే నేను ఒంటిగా ఉంటా. చెలమ కాడ నీళ్లు ఊరేదానికి సగం పొద్దు పడతాది. నేను ఆడ కూర్చుంటే ఈడెవరుంటారు?" అని, గొంతు తగ్గించాడు. "ఇన్నేండ్లకు ఒక్క దావ కనపడిందే భద్రీ. పర్మనెంటు కాయితం చేతికొస్తానే ఇద్దరం పోదాం. మీ నాయన ఆశ గూడా అదే గదా."

ఆ మాటతో నన్ను కట్టేశాడు. సంతలో ఎవరు ఎదురుపడినా "మా అల్లుడు సర్కారు బడిలో ఉండాడు" అని మా నాయన చెప్పుకునేవాడు. టెంపరరీ అన్న ముక్క మాత్రం మింగేసేవాడు. నాలుగు దినాలాగి వస్తానని తమ్ముడితో చెప్పాను. "సరేక్కా" అని, పెట్టిన సంగటి ముద్ద ముట్టకుండా లేచిపోయాడు.

పొద్దు వాలుతుండగా గోడ పక్క నుంచి దాదాపీరు పిలిచాడు.

"వదినా, మీ తమ్ముడు ఊరికే పోయినాడే? నాయనకు బాగలేదంట గదా. పోయి రాండి వదినా. ఇద్దరూ పోండి. బీగమేసుకొని పోండి. ఆ పెట్టెకు ఏమీ కాదు. నేను చూసుకుంటా."

మంచి మాటే కదా అని ఇంట్లోకొచ్చి చెప్పాను. మా ఆయన నా వైపు తిరిగి, "ఇద్దరినీ పొమ్మన్నాడా?" అన్నాడు. నిజమే, ఇద్దరినీ అన్నాడు. నన్నొక్కదాన్నే పొమ్మని ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే పెట్టెకు చెదలు పట్టాయి. నేలలోంచి ఎర్రమట్టి దారి ఒకటి పెట్టె చెక్క మీదికి పాకింది. మా ఆయన గుండెలు బాదుకున్నాడు. ఇద్దరం నడుములు విరిగేట్టు ఒక్కో పక్కే ఎత్తి, నాలుగు రాళ్ల మీద నిలబెట్టి, చుట్టూ కిరసనాయిలు పోశాం.

"ఇనుము తింటాయా చెదలు?" అన్నాను.

"లోపల దెబ్బ తగలకుండా కాయితాలు, గడ్డి కూరుంటారులే. నీకేం తెలుసు" అన్నాడు. నాకేం తెలుసు, నిజమే.

తర్వాత సారు చూసిపోదామని వచ్చాడు. కంబళి ఎత్తి సీలు తడిమి చూసి, రాళ్ల మీద నిలబెట్టింది చూసి, "శెభాష్ సుంకన్నా, కన్నబిడ్డను గూడా ఇట్ల సాకరప్పా" అని భుజం తట్టాడు. మా ఆయన ఆనందం చెప్పనలవి కాదు. నేను మజ్జిగ ఇచ్చి, తలుపు చాటుకు పోకుండా ఎదురుగానే నిలబడ్డాను. లోపల నా సంచిలో ఒక చీర అప్పటికే సర్దిపెట్టుకుని ఉన్నాను.

"సార్, మా నాయన సీరియస్‌గా ఉండాడు. ఈ పెట్టెను రెండు దినాలు ఇంకో చోట యాడన్నా పెట్టుకోండి. ఇద్దరం పోయి చూసొస్తాం."

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టె వైపు చూశాడు. వాకిట్లోంచి కనబడే చావిడి గోడ వైపు చూశాడు. ఏదో చెప్పబోతున్నాడనే అనుకున్నాను.

"చూడమ్మా, ఇన్నాళ్లు కాచినారు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తే ఊరంతా తెలుస్తాది. చేసిందంతా నీళ్లపాలు. ఇంకెంత, బడి తెరిచేదాంక ఓపిక పట్టండి. పెద్దాయనకు ఏం కాదులే. సుంకన్న కాయితాలు గూడా రాసిపెట్టినాను" అన్నాడు.

మజ్జిగ తాగి గ్లాసు అరుగు మీద పెట్టి పోయాడు. నేను సంచిలోంచి చీర తీసి మళ్లీ దండెం మీద వేశాను.

సారు వచ్చిపోయిన మర్నాడే దాదాపీరు నేరుగా మా ఇంట్లోకి వచ్చాడు. ఆ ఎండాకాలమంతా ఎవరూ దాటని గడపను, ఒక్క మాట కూడా అడగకుండా దాటి వచ్చాడు.

"సుంకన్నా, నా మాట నమ్ము. వదినను పిల్చుకొని పో. ఇప్పుడే బస్సుండాది. పెట్టె గిట్టె ఏం వద్దు. అదంతా నాకిడిచిపెట్టు."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎందుకప్పా నీకింత తొందర? పెట్టె వచ్చిన పొద్దు నుంచీ చూస్తాండా. పెట్టె దించేటప్పుడు రాకపోతివి. చావిడికి బీగమేస్తివి. సున్నమంటివి, సున్నం యాడుండాది? మా ఇల్లు ఖాళీ అయితే నీకేం లాభం, చెప్పు!"

దాదాపీరు చావిడి వైపు చూశాడు. పెట్టె వైపు ఒక్క అడుగు వేసి, కంబళి మీదికి చెయ్యి చాపాడు. అంతే, మా ఆయన అతని చొక్కా పట్టుకుని వాకిట్లోకి లాగాడు.

"చెయ్యేస్తావారా, దొంగ నాకొడకా!"

వీధంతా బయటికొచ్చింది. దొంగ అన్న మాట దాదాపీరును ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ అని ఉండరు. అతను చొక్కా విడిపించుకోలేదు. మా ఆయనే చెయ్యి వదిలాక, రెండు చెంపలూ టపటపా వాయించుకుని, "నన్నేం చేయమంటావు సామీ" అని పైకి చూసి, చావిడి వైపు నడిచిపోయాడు. అతని భార్య అమీర్ బీ మాత్రం ఊరుకోలేదు. "మావోడు దొంగా? మీ పెట్టెలో మన్ను పొయ్య!" అని గోడ మీద నుంచి శాపనార్థాలు పెట్టింది. నేనూ నాలుగు అంటించాను. ఆ తర్వాత చెలమ దగ్గర కూడా ఆమె ఒక పక్క, నేనొక పక్క కూర్చునేవాళ్లం.

మా నాయన సంగతి యేసన్న చెప్పాడు. గుమ్మఘట్ట వాడు, లారీలో శింగనమలకు వచ్చి, మా ఊరికి నడిచి వచ్చాడు. అరుగు మీద కూడా కూర్చోలేదు. "అమ్మా, మీ నాయన పోయినాడు. మీరు వస్తారని పొద్దు వాలేదాంక పెట్టుకొని చూస్తామన్నారు" అన్నాడు.

నేనొక్కదాన్నే పోయాను. నేను చేరేసరికి మట్టి చేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఎవరిండ్లకు వాళ్లు పోయారు. మగ్గం గుంటలో సగం నేసిన కంబళి అట్లాగే ఉంది. ఎర్రిస్వామి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆఖరుకు వాకిలి పక్కే చూస్తా పోయినాడక్కా" అన్నాడు. నా వెనక వాకిలి వైపు చూసి, "బావ రాలేదా?" అన్నాడు.

"పెట్టె ఉంది" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నామీద నాకే రోత పుట్టింది. మా తమ్ముడు లేచి బయటికి పోయాడు. దినాలు అయ్యేదాకా నాతో మాట్లాడనూ లేదు.

ముంగారు వానకు దుమ్ము అణిగింది, బడి తెరిచారు. పెట్టెను మళ్లీ ఎద్దుల బండి మీదికి ఎక్కించారు. మా ఆయన తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బండి పక్కనే చెయ్యి ఆనించి నడిచాడు. నేను కంబళి తెచ్చుకుందామని వెనకాలే పోయాను.

హెడ్మాష్టరు గదిలో బల్ల మీద టీవీ, మీటల పలక, టేప్ రికార్డరు వరసగా పెట్టి ఉన్నాయి. పక్కన దూదిపెట్టి కుట్టిన కొత్త బొంత ముసుగు మడతపెట్టి ఉంది. ఆ కుట్టు ఎవరిదో నాకు చూడగానే తెలిసింది. దాదాపీరు మూలన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మా ఆయన బల్ల వైపు చూశాడు. భుజాల మీద పెట్టె మోసుకొస్తున్న మనుషుల వైపు చూశాడు.

"ఇంకొకటి వచ్చెనా సార్?" అని అడిగాడు.

అయ్యవార్లంతా ఒక్కసారిగా నవ్వారు. సారు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇంకొకటి యాడిదప్పా సుంకన్నా! ఉండేదిదే. పీర్ల పెట్టె పక్కనే భద్రంగా పండుకొని వచ్చింది. పీర్ల గదిలో చెయ్యి పెట్టే మొనగాడు యాడన్నా ఉండాడా?" అంటూ తానే సీలు పగలగొట్టి మూత ఎత్తాడు. లోపల ఇటుకలు. వాటి మధ్య కూరిన పాత పరీక్ష పేపర్లు. సగం చెదలు తినేశాయి, తిన్నవి ఇంకా లోపల పారాడుతున్నాయి.

"ఏం తెలివి సార్ మీది!" అన్నాడు లెక్కల సారు. మా ఆయన కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియనివాడు చుట్టూ చూసి నవ్వినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

"మాకొక్క మాట చెప్పుంటే ఏమయ్యేది సార్?" అన్నాను.

సారు నన్ను మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు. "చెప్పుంటే మీరు ఇంత బాగా కాచేవాళ్లా తల్లీ? నువ్వు గుమ్మఘట్టకు పోయేదానివి. సుంకన్నకు అబద్ధమాడేది చేతకాదు. ఊరి కండ్లన్నీ మీ ఇంటి మీదుండబట్టే గదా, చావిడి పక్క ఎవరూ చూడలేదు."

నేను కంబళి తీసుకుని దులిపాను. అంచుకు చెదల మట్టి అంటుకుని ఉంది, గోటితో గీరాను.

"నువ్వు మా అరుగు మీద మజ్జిగ తాగిన పొద్దు మా నాయన బతికే ఉండె సార్" అన్నాను.

గదిలో నవ్వు ఆగిపోయింది. సారు కండ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం గోడ పక్కకు దాదాపీరు వచ్చాడు. పిలవలేదు, ఊరికే నిలబడ్డాడు. నేనే పోయాను.

"ఎవరికీ చెప్పొద్దని సారు నాతో పీర్ల పెట్టె మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించుకున్నాడు వదినా. బడి సొత్తు, పిల్లోళ్ల సొత్తు అంటే సరే అంటి. మీ ఇంటికి ఇటుకలు పంపేది నాకు చెప్పలేదు. బండి మీద చూసినాకనే తెలిసింది. అప్పటికే నోరు కట్టేసినాడు. పోండి పోండి అనేది తప్ప ఇంకేం అనేదానికి లేకపాయె."

"నీ పీర్లు మా నాయన ఊపిరి కంటే పెద్దవా దాదాపీరూ?" అనేశాను. అనేసి వెంటనే చెంపలు వేసుకున్నాను. కడుపు మంట అట్లాంటిది. అతను ఏమీ అనుకోలేదు, తువ్వాలుతో కండ్లు తుడుచుకుని పోయాడు. మా ఆయన ఇంట్లోనే, పెట్టె ఉండిన ఖాళీ మూలన కూర్చుని ఉన్నాడు. బయటికి రాలేదు. దాదాపీరుకు మొహం చూపలేక, అతను ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోవడం ఆ రోజు నుంచే మొదలైంది.

సారు మాట తప్పలేదు, అది చెప్పాలి. వినాయక చవితికి ముందే పర్మనెంటు కాయితం వచ్చింది. మా ఆయన తెచ్చి నా ముందు పెట్టాడు. "చూడు" అన్నాడు. చూశాను. దేవుడి గూట్లో పెట్టమన్నాను. 

పెద్దల అమావాస్య వచ్చింది. మా నాయనకు మొదటి పెద్దల పండగ. కొత్త బట్టలు పెట్టి, వండి పెట్టాలి. ఎర్రిస్వామి మనిషి చేత చెప్పి పంపాడు. "బావ వస్తే రండి. ఆయన రానిది నువ్వు గూడా రావొద్దు."

అమావాస్యకు ముందురోజే దసరా సెలవులకు బడి మూశారు. ఆ యేడు పీర్ల పండగ కూడా ఆ వెంటే పడింది. చావిడి తలుపులు బార్లా తీసి, ఈసారి నిజంగానే సున్నం కొడుతున్నారు. మేము సంచులతో వాకిట్లోకి వచ్చేసరికి ఎదురుగా ఎద్దుల బండి ఆగింది. బండి మీద మేకులు కొట్టిన పెట్టె, పక్కన నారాయణ సారు.

"సుంకన్నా, ఈసారి అసలుదే. నా బిడ్డల మీదొట్టు. పీర్లు లేపుతారు గదా, చావిడిలో కుదరదు. నువ్వు ఇప్పుడు పర్మనెంటు మనిషివి. నీ బాధ్యత."

పెట్టెను అరుగు మీద దించారు. మా ఆయన దానివైపు చూశాడు, సారు వైపు చూశాడు, నా చేతిలోని సంచి వైపు చూశాడు. ఆ రోజు ఆయన గాని ఆ పెట్టె పక్కన కూర్చుని ఉంటే, నేను గుమ్మఘట్ట పోయి మళ్లీ తిరిగి వచ్చేదాన్ని కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకూ తెలిసినట్టే ఉంది.

గోడ పక్క దాదాపీరు వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా సున్నం. ఎండాకాలం నుంచి మా ఆయనతో అతనికి మాటల్లేవు. ఇప్పుడు కూడా నాతోనే అన్నాడు.

"పోయి రాండి వదినా. ఇద్దరూ పోండి. నేను చూసుకుంటా."

అవే మాటలు. మా ఆయన చటుక్కున అటు నడిచాడు. మొలలోంచి ఇంటి బీగంచెవి తీసి, దాదాపీరు చేతిలో పెట్టి, ఆ సున్నం చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కాసేపు వదల్లేదు.

"దాదా, ఇల్లు తెరిచే పెట్టప్పా" అన్నాడు. "అమీర్ బీని ఈడే కూర్చోమను. మా తొట్లో నీళ్లుండాయి, వాడుకోండి."

"అది కాదు సుంకన్నా, నిజంగానే ఇది..." అన్నాడు సారు వెనక నుంచి.

"ఏదైతే ఏంది సార్" అన్నాడు మా ఆయన తిరిగి చూడకుండా. "మా మామకు బట్టలు పెట్టేదుండాది."

చెరువుకట్ట మీద బస్సు దుమ్ము కనబడింది. పరుగులాంటి నడకతో పోయాం. కంబళి నా భుజం మీద ఉంది. పెట్టె, పైన ఏ కప్పూ లేకుండా, అరుగు మీద ఎండలో ఉంది. అది అసలుదో కాదో మేము తిరిగి వచ్చాక కూడా అడగలేదు.